గుండ్రడ ఎవరి కూతురు?

1845 అక్టోబరు నెలలో ఇంగ్లండు దక్షిణ తీరమునకు చేరువనున్న లూయిస్ పట్టణములో రైలుదారి కొరకు నేలను త్రవ్వుచున్న కూలీలకు రెండు సీసపు పెట్టెలు దొరకినవి. ఒక్కొక్కటి సుమారు మూడడుగుల పొడవు. మనిషిని పడుకొనబెట్టుటకు అవి చాలవు. ఎన్నడో పాత సమాధుల నుండి తీసిన ఎముకలను ఏరి కూర్చి వాటిలో భద్రపరచిరి. ఒక పెట్టెపై ‘గుండ్రడ’ అనియు, రెండవదానిపై ‘విల్లెల్మ్’ అనియు చెక్కి ఉండెను. అంతకు మించి ఒక్క అక్షరమైనను లేదు.

ఆ పేర్లు ఎవరివో గుర్తించుట కష్టము కాలేదు. రైలుదారి పోవుచున్న ఆ స్థలము పూర్వము సెయింట్ పాంక్రాస్ మఠమునకు చెందినది. 1066వ సంవత్సరములో నార్మండీ ప్రభువైన విలియం హేస్టింగ్స్ యుద్ధమున గెలిచి ఇంగ్లండునకు రాజయ్యెను. చరిత్రలో ఇతనిని విజేత విలియం అందురు. ఇతని వెంట వచ్చిన యోధులలో వారెన్ విలియం అను మరియొక విలియం ఉండెను. యుద్ధానంతరము ఇతనికి ససెక్సు, నార్ఫోక్, యార్కుషైరు ప్రాంతములలో విశేషముగా భూములు లభించినవి. ఇతని భార్యయే గుండ్రడ. ఆ దంపతులు కలిసి 1077 ప్రాంతమున లూయిస్‌లో మఠమును నెలకొల్పిరి. ఫ్రాన్సులోని క్లూనీ మఠ సంప్రదాయమునకు ఇంగ్లండులో ఇదియే తొలి నెలవు. గుండ్రడ 1085 మే 27వ తేదీన నార్ఫోక్‌లోని కాజిల్ ఏకర్ కోటలో ప్రసవ సమయమున మరణించెను. భర్తకు 1088లో సర్రే ‘ఎర్ల్’ బిరుదము వచ్చెను. కాని ఆ యేడే అతడును కన్నుమూసెను. సుమారు నాలుగున్నర శతాబ్దములు నిలిచిన మఠమును 1537లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వము స్వాధీనము చేసికొని, మరుసటి సంవత్సరము ఒక ఇటలీ దేశపు ఇంజనీరు చేత కూలద్రోయించెను. గోరీలన్నియు ఆ రాళ్ళ క్రింద పడిపోయినవి.

సీసపు పెట్టెలు బయటపడిన నాడు లూయిస్ ప్రజలు పొందిన సంతోషమునకు మఠస్థాపకుల అవశేషములు దొరకుట ఒక్కటే కారణము కాదు. గుండ్రడ విజేత విలియం కన్నకూతురని వారు తరతరములుగా నమ్ముచుండిరి. అచ్చయిన వంశవృక్షములలో అట్లే ఉండెను. వారెన్ వంశముతో ఏ కొంచెము చుట్టరికమున్న కుటుంబమైనను గుండ్రడ ద్వారా తమ రక్తము రాజరక్తమని చెప్పుకొనుటకు వీలుండెను. ఇంగ్లండులో అట్టి చుట్టరికములను వెదకుకొను కుటుంబములకు కొరత లేదు. కనుక ‘ఈమె ఎవరి కూతురు?’ అన్న ప్రశ్న పండితుల గదులలోనే ఉండిపోలేదు.

మరి ఆ నమ్మకమునకు ఆధారములేవి?

మొదటిది మఠములోనే పుట్టినది. లూయిస్ సన్న్యాసులు తమకు వచ్చిన దానపత్రములన్నింటిని 1444లో ఒక పెద్ద గ్రంథములోనికి నకలు వ్రాసికొనిరి. దీనిని మఠపు కవిలె అనవచ్చును. అందులో మఠస్థాపనకు సంబంధించి వారెన్ విలియం పేర ఒక దీర్ఘమైన దానపత్రము ఉన్నది. తానును భార్యయు రోముకు యాత్ర బయలుదేరుట, పోపునకును జర్మను చక్రవర్తికిని జరుగుచున్న పోరాటము వలన దారి సాగకపోవుట, క్లూనీలో ఆగి అచ్చటి సన్న్యాసుల నిష్ఠను చూచి ముగ్ధులగుట — ఈ కథ అంతయు అందులో చెప్పబడినది. తరువాత దాత తన దానఫలము ఎవరెవరి ఆత్మశాంతికి చెందవలెనో పేర్కొనును. తనను ఇంగ్లండునకు తోడ్కొని వచ్చిన రాజునకును, ‘తన భార్యకు తల్లియైన’ మటిల్డా రాణికిని అని అందులో ఉన్నది. మటిల్డా ఫ్లాండర్సు ప్రభువు కూతురు, విజేత విలియం భార్య.

రెండవ ఆధారము రాజు పేరనే ఉన్నది. నార్ఫోక్‌లోని వాల్టన్ గ్రామమును మఠమునకు ఇచ్చిన దానపత్రములో రాజు గుండ్రడను ‘నా కూతురు’ అనినట్లు కనబడును.

మూడవది రాతిపై ఉన్నది. 1774లో లూయిస్‌కు కొంత దూరమున ఉన్న ఇస్‌ఫీల్డ్ గ్రామపు చర్చిలో ఒక మతాచార్యుడు వింతను కనుగొనెను. పదునారవ శతాబ్దములో చనిపోయిన ఒక స్థానిక భూస్వామి సమాధికి పై పలకగా అమర్చిన నల్లరాయి నిజమునకు గుండ్రడ సమాధి ఫలకము. మఠమును పడగొట్టినప్పుడు ఎవరో దానిని తెచ్చి తమ అవసరమునకు వాడుకొనిరి. దానిని మరుసటి సంవత్సరము లూయిస్‌లోని సౌత్‌ఓవర్ చర్చికి తరలించిరి. బెల్జియములోని టూర్నే నుండి వచ్చిన ఆ రాతి అంచులను, నడుమను పద్యములు చెక్కబడి ఉన్నవి. అందులో గుండ్రడను ‘డ్యూకుల’ వంశమునకు చెందినదిగా వర్ణించిరి. విలియం రాజగుటకు ముందు నార్మండీ డ్యూకే కదా అని కొందరు సంతృప్తిపడిరి.

మూడు సాక్ష్యములు ఒకే మాట చెప్పుచుండగా సందేహమెందుకని తోచవచ్చును. కాని ఈ మూడింటిని విడివిడిగా పట్టి చూచినచో స్థితి మారును. సమాధి రాయి చెక్కడపు తీరును బట్టి పండ్రెండవ శతాబ్దపు నడిమి కాలమునకు చెందినది. అనగా గుండ్రడ చనిపోయిన అరువది సంవత్సరముల పిమ్మట మఠమువారు చేయించినది. పైగా ఆమె పట్టాభిషిక్తుడైన రాజు కూతురైనచో, కవి రాజు మాటను విడిచి డ్యూకుల మాట ఎత్తుకొనునా? ఇంటిలో బంగారముండగా ఇత్తడిని ఎవరు చూపుదురు? రాజు పేరనున్న వాల్టన్ దానపత్రములో ‘నా కూతురు’ అన్న మాటలు మొదటి వ్రాతలోనివి కావనియు, తరువాత చేర్చినవనియు దానిని శోధించినవారు శంకించిరి. ఇక కవిలెలోని దీర్ఘ దానపత్రము పదునొకండవ శతాబ్దపు పత్రముల ధోరణిలో లేదు. అది తరువాతి కాలమున మఠములోనే కల్పించినదని, లేదా పాత పత్రమును పెంచి వ్రాసినదని నేటి చరిత్రకారుల అభిప్రాయము. దీనికి భిన్నముగా, తొలినాళ్ళలో దంపతులు క్లూనీకి ఇచ్చిన అసలు దానపత్రమొకటి నిలిచి ఉన్నది. రాజు సమ్మతి ఉన్న ఆ పత్రములో దాత భార్య రాజకుమార్తె అన్న మాట ఎక్కడను లేదు.

కూటపత్రము అనగానే అందులోని ప్రతి అక్షరమును పారవేయవలసిన పని లేదు. రోము యాత్ర కథ ఆ పత్రములోనిదే. దానిలో మఠమువారి యథార్థ స్మృతి కొంత ఉండవచ్చునని చరిత్రకారులు అంగీకరింతురు. మధ్యయుగపు సన్న్యాసి పత్రమును సృష్టించుట ప్రతిసారి మోసబుద్ధితో కాదు. పాత పత్రము చినిగిపోవును, లేదా అసలు ఇచ్చినప్పుడు నోటిమాటగానే ఇచ్చియుందురు. న్యాయస్థానము మాత్రము వ్రాత కావలెనని అడుగును. అట్టి సమయమున తమకు తెలిసినదానిని తామే వ్రాసికొందురు. వ్రాయునప్పుడు స్థాపకురాలికి కొంత పెద్దింటి పుట్టుక అంటగట్టుటలో వారికి తప్పు తోచియుండదు. అందుచేత అట్టి పత్రము నుండి దేనిని తీసికొనవలెనన్నను ముందు వేరొక సాక్షి కావలెను.

ఆ సాక్షి ఉన్నాడు. ఆర్డెరిక్ విటాలిస్ అను సన్న్యాసి 1075లో ఇంగ్లండులోని ష్రూస్‌బరీ ప్రాంతమున జన్మించి, పది సంవత్సరముల వయసున నార్మండీలోని సెయింట్ ఎవ్రూ మఠమునకు పంపబడెను. ఆ యేడే గుండ్రడ మరణించెను. అతడు పెరిగి పెద్దవాడై వ్రాసిన చర్చి చరిత్ర నార్మను కాలమునకు ముఖ్యమైన ఆధార గ్రంథము. వారెన్ విలియం భార్య ‘గెర్బోడ్ సోదరి’ యని అతడు సూటిగా వ్రాసెను. ఫ్లాండర్సు దేశస్థుడైన గెర్బోడ్‌కు విజేత విలియం 1070లో చెస్టర్ ప్రాంతమును ఇచ్చెను. మరుసటి సంవత్సరమే అతడు స్వదేశమునకు పోయి అచ్చట శత్రువుల చేత చిక్కెను. చెస్టర్ ష్రూస్‌బరీకి పొరుగు సీమ. ఆర్డెరిక్ తండ్రి ష్రూస్‌బరీ ప్రభువు కొలువులోనివాడు. అట్టివాడు గెర్బోడ్ ఎవరో, అతని తోబుట్టువు ఎవరో తెలియక వ్రాసెననుట కష్టము. విజేత విలియం కూతుళ్ళ పేర్లను కూడ ఆర్డెరిక్ ఇచ్చెను. అందులో గుండ్రడ లేదు.

ఇప్పుడు రెండు సాక్ష్యములు ఎదురెదురుగా నిలిచినవి. ఒకటి మటిల్డా రాణి కూతురని చెప్పును. ఇంకొకటి గెర్బోడ్ చెల్లెలో అక్కయో అని చెప్పును. రెండింటిని కలుపుటకు దారి లేదా? 1846లో స్టేపుల్టన్ అను పరిశోధకుడు ఉన్నదని చెప్పెను. అతని తర్కము చక్కనిది. కవిలెలోని పత్రము మటిల్డాను గుండ్రడకు తల్లియని అనెను గాని, రాజును తండ్రియని అనలేదు గదా. ఫ్లాండర్సు సరిహద్దున ఉన్న సెయింట్ బెర్టిన్ మఠమునకు సంరక్షకులుగా గెర్బోడ్ అను పేరు గలవారు ఉండిరి. మటిల్డా విలియంను పెండ్లాడుటకు ముందు అట్టి గెర్బోడ్ ఒకని భార్యయై ఉండవచ్చును. అప్పుడు గెర్బోడ్, గుండ్రడ ఆమె తొలి వివాహపు పిల్లలగుదురు. గుండ్రడ రాణికి కూతురు, రాజునకు సవతి కూతురు, గెర్బోడ్‌కు సోదరి! అన్ని పత్రములును నిజమే చెప్పినట్లు తేలును.

అంతే కాదు. 1049లో రైమ్స్ నగరమున సమావేశమైన చర్చి సభలో తొమ్మిదవ పోపు లియో విలియం–మటిల్డాల వివాహమును నిషేధించెను. కారణమును సభ వ్రాసి ఉంచలేదు. అప్పటికి మటిల్డాకు భర్త బ్రతికి ఉండుటయే కారణమని స్టేపుల్టన్ ఊహ. ఒక్క తాళపుచెవితో రెండు గదులు తెరచుకొన్నవి. ఈ ఊహను చాలమంది మెచ్చిరి. నార్మను దిగ్విజయ చరిత్రను సంపుటములుగా వ్రాసిన ఫ్రీమన్ వంటి చరిత్రకారుడు సైతము మొదట దీనినే స్వీకరించెను. మరుసటి సంవత్సరమే బ్లా అను ససెక్సు పరిశోధకుడు గుండ్రడ రాజు సొంత కూతురే అని ఎదురు వ్యాసము వ్రాసెను. వాదము నలువది సంవత్సరములు సాగెను.

ఈ వాదములో ఒక లోపమును గమనింపవలెను. మటిల్డా తొలి వివాహమును గురించి ఆ కాలపు చరిత్రకారుడెవడును ఒక్క మాట చెప్పలేదు. విలియంకు శత్రువులు తక్కువ కారు. అతని జన్మను గురించియే ఎగతాళి చేసినవారున్నారు. అతని రాణి మరియొకనిని విడిచి వచ్చినదైనచో ఆ సంగతి ఎవరి నోటను రాకుండునా? రెండు పత్రములకు సంధి కుదుర్చుటకు స్టేపుల్టన్ ఏ పత్రములోను లేని ఒక పెండ్లిని చేయవలసి వచ్చెను.

చిక్కును విప్పిన ఆధారము ఎవరును ఎదురుచూడని చోట ఉండెను. కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ 1109లో మరణించెను. అతని ఉత్తరములు మధ్యయుగము నుండి భద్రముగా ఉన్నవి. అందులో ఒకటి విజేత విలియం కుమారుడైన మొదటి హెన్రీ రాజునకు వ్రాసినది. హెన్రీ తన వివాహేతర సంతానమైన ఒక కూతురును వారెన్ విలియంనకు ఇచ్చుటకు ఒప్పుకొని, తరువాత ఆన్సెల్మ్ సలహా కోరెను. ఈ వారెన్ విలియం మఠస్థాపకుడు కాదు. అదే పేరుగల అతని కుమారుడు, గుండ్రడ కన్నబిడ్డ. వధూవరులు ఒక వైపున నాలుగవ తరములోను, ఇంకొక వైపున ఆరవ తరములోను బంధువులగుచున్నారనియు, కాబట్టి ఈ వివాహము ధర్మసమ్మతము కాదనియు ఆన్సెల్మ్ జవాబు వ్రాసెను.

ఆ కాలపు చర్చి లెక్క ఇట్టిది. వధువు నుండి ఉమ్మడి పూర్వుని వరకు ఎన్ని తరములో, వరుని నుండి ఎన్ని తరములో లెక్కింతురు. ఏడు తరములలోపు ఉమ్మడి పూర్వుడున్నచో వివాహము నిషిద్ధము. 1215లో దీనిని నాలుగు తరములకు తగ్గించిరి.

ఇప్పుడు గుండ్రడ విజేత విలియం కూతురనియే అనుకొందము. హెన్రీ రాజు ఆమెకు తమ్ముడగును. వరునికి సొంత మేనమామ. అనగా రాజు తన కూతురును అక్క కొడుకునకు ఇచ్చుచున్నాడన్నమాట. తెలుగువారి ఇండ్లలో నిత్యము వినబడు మేనరికము ఇది. ఇచ్చట దానికి ముహూర్తము పెట్టుదురు, అచ్చట చర్చి దాని పేరు వినినంతనే చెవులు మూసికొనును. అప్పుడు వధూవరుల ఉమ్మడి పూర్వుడు ఇరువైపుల నుండియు రెండవ తరములోనే ఉండును. రెండవ తరపు బంధుత్వము కన్నుల యెదుట ఉండగా, ఆన్సెల్మ్ నాలుగవ తరమును, ఆరవ తరమును వెదకి చూపునా? ఇంటిముందు నుయ్యి ఉన్నవాడు ఏటికి పోయి నీరు తెచ్చినట్లుండును. ఆ వివాహమును ఆపవలెనని వ్రాయుచున్న మనిషి తన చేతిలోని గట్టి కారణమును దాచుకొనడు. ఉత్తరమును అందుకొను హెన్రీకి తన అక్క ఎవరో తెలియకుండ ఉండదు.

స్టేపుల్టన్ ఊహయు ఇదే దెబ్బకు కూలును. గుండ్రడకు తండ్రి వేరైనను తల్లి మటిల్డాయే అయినచో, హెన్రీయు ఆమెయు ఒకే తల్లి బిడ్డలు. వధూవరులకు మటిల్డా రెండవ తరములోని ఉమ్మడి పూర్వురాలు. చర్చి లెక్కలో తల్లి ఒకతె అయినను నిషేధము తప్పదు.

మరి ఆన్సెల్మ్ చెప్పిన దూరపు బంధుత్వము ఏది? అది గుండ్రడ వైపునది కాదు, ఆమె భర్త వైపునది. నార్మండీ డ్యూకుల వంశమునకు మూలమాత గున్నోర్. ఆమె తోబుట్టువుల సంతతిలో వారెన్ విలియం ఒకడని పండ్రెండవ శతాబ్దపు చరిత్రకారుడు టోరిన్యీ రాబర్టు వ్రాసెను. అతని వంశవృక్షములలో తరముల తారుమారు కొంత ఉన్నది. అయినను గున్నోర్ తల్లిదండ్రుల నుండి హెన్రీ కూతురు వరకు లెక్కించినచో సరిగా ఆరు తరములు వచ్చును: గున్నోర్, ఆమె కుమారుడు రెండవ రిచర్డు, అతని కుమారుడు రాబర్టు, విజేత విలియం, హెన్రీ, హెన్రీ కూతురు. ఆన్సెల్మ్ లెక్కలోని ఆరు ఇదియే అని పరిశోధకులు తలతురు.

ఎనభైవ దశకములో చెస్టర్ వాటర్స్ మొదలగువారు మఠపు కథను గట్టిగా ఖండించిరి. ఫ్రీమన్ 1888లో ‘ఇంగ్లీష్ హిస్టారికల్ రివ్యూ’లో వ్యాసము వ్రాసి, గుండ్రడ విలియంకు గాని మటిల్డాకు గాని బిడ్డ అనుటకు ఆధారము లేదని తేల్చెను. తాను అచ్చువేసిన సంపుటములలోని అభిప్రాయమును తానే కాదనుట పండితునకు సులభమైన పని కాదు. ఫ్రీమన్ అసలే వాదములో వెనుకకు తగ్గువాడు కాడు. 1949లో చార్లెస్ క్లే వారెన్ వంశపు దానపత్రములను సమగ్రముగా పరిష్కరించి ప్రకటించినప్పుడు కూడ ఈ నిర్ణయమే నిలిచెను.

అయినచో ఆమె పుట్టిల్లు ఏది? ఆర్డెరిక్ మాటను ఆధారముగా పట్టుకొనినచో దారి ఫ్లాండర్సునకు పోవును. 1086లో విజేత విలియం చేయించిన భూముల లెక్కయగు డూమ్స్‌డే గ్రంథములో, నార్ఫోక్ ప్రాంతపు వారెన్ విలియం భూములు కొన్నింటికి ‘ఫ్రెడరిక్ భూమి’ అన్న సూచన కలదు. ఈ ఫ్రెడరిక్‌ను తిరుగుబాటుదారుడైన హెరెవర్డ్ చంపెనని వారెన్ వంశమును బాగుగా ఎరిగిన ఒక చరిత్ర గ్రంథము చెప్పుచున్నది. అది అతనిని వారెన్ విలియంకు సోదరుడనెను. గెర్బోడ్‌తో కలిసి ఒక ఫ్రెడరిక్ పేరు ఫ్రాన్సు ఉత్తర భాగమునకు చెందిన పత్రములో కనబడుచున్నందున, ఇతడు గుండ్రడకు అన్నయో తమ్ముడో అయి, వారెన్‌కు బావమరిది వరుస అగునని నేటి పరిశోధకులు నిర్ణయించిరి. భూముల లెక్కకై వ్రాసిన గ్రంథమునకు ఎవరి వంశగౌరవముతోను పని లేదు. కనుకనే ఇట్టి విషయములో దాని మాటకు విలువ ఎక్కువ.

ఇంకొక కథ కూడ ఉన్నది. 1071 ఫిబ్రవరిలో ఫ్లాండర్సులోని కాసెల్ యుద్ధమున బాలప్రభువు ఆర్నల్ఫ్ చంపబడెను. అతనిని చంపినవాడు గెర్బోడ్ అను అతని సొంత మనిషియే అనియు, అతడు పశ్చాత్తాపముతో రోముకు పోగా పోపు అతనిని క్లూనీకి పంపెననియు, అచ్చట అతడు సన్న్యాసి అయ్యెననియు ఆ కాలపు ఒక మఠచరిత్ర చెప్పును. ఆ గెర్బోడ్ చెస్టర్ గెర్బోడే అయినచో, గుండ్రడ దంపతులు ఇంగ్లండులో ఎవరును తలపెట్టని క్లూనీ మఠమును ఎందుకు కోరిరో వెంటనే అర్థమగును: సోదరుడు ఉన్న చోటు అది. ఊహ మనోహరముగా ఉన్నది. స్టేపుల్టన్ ఊహయు అంతే మనోహరముగా ఉండెను. పేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకడు కాడు గనుక, దీనిని ఊహగానే ఉంచవలసి ఉన్నది.

సీసపు పెట్టెల కొరకు 1847లో సౌత్‌ఓవర్ చర్చిలో నార్మను పద్ధతిలో ఒక చిన్న మందిరమును కట్టిరి. నల్లరాతి పలకను కూడ అచ్చటనే ఉంచిరి. గుండ్రడ కుమారునికి హెన్రీ కూతురు దక్కలేదు; అతడు ఫ్రాన్సు రాజవంశపు ఎలిజబెత్‌ను పెండ్లాడెను. వారి కూతురు ఏడ 1139లో స్కాట్లండు యువరాజు హెన్రీని వివాహమాడెను. ఆమె కుమారులలో మాల్కమ్ 1153లోను, విలియం 1165లోను స్కాట్లండు సింహాసనము నెక్కిరి. వారిద్దరికిని గుండ్రడ ముత్తవ్వ.